వేగమొక్కటే గొప్పా? - కంపారేటర్ మాకు నేర్పిన పాఠం

"ఆలస్యం అమృతం విషం" అన్నారు మన పెద్దలు. ఆ పెద్దలే మళ్ళీ "నిదానమే ప్రధానం" అని కూడా అన్నారు. చిన్నప్పుడు ఈ రెండు సామెతలూ ఒకే తెలుగు వాచకంలో చదువుకుని, ఏది నమ్మాలో తెలియక తికమక పడ్డవాళ్ళం మేము. ఇప్పుడు ఇరవై మూడేళ్ళ వయసులో, ఎం.టెక్. రెండో సంవత్సరంలో, ఎలక్ట్రానిక్స్ చదువు మధ్యలో మాకు అర్థమయిందేమిటంటే రెండు సామెతలూ నిజమే. ఏ పనికి ఏది వర్తిస్తుందో తెలుసుకోవడమే అసలు చదువు.

మిత్రులారా! మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి సంవత్సరం కథలు, కవితలు, హాస్టల్ జ్ఞాపకాలు వస్తాయి. ఈసారి ఒక చిన్న సర్క్యూట్ గురించి రాస్తామని చెబితే మిత్రులు నవ్వారు. "అన్నా, అది రికార్డు బుక్కులో రాసుకో" అన్నాడు ఒక తమ్ముడు. కానీ ఈ సర్క్యూటు మన హాస్టల్ నీళ్ళ ట్యాంకుకు, మన నాన్నల పొలం మోటారుకు, ఫైనలియర్ లో మనం చేసే ప్రాజెక్టుకు సంబంధించినది. అందుకే రికార్డు బుక్కులో కాకుండా ఇక్కడ రాస్తున్నాం. మా గదిలో నలుగురం. నలుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాదే. కాబట్టి ఇందులో తప్పులుంటే అనుభవం లేక చేసినవే గాని, గర్వంతో చేసినవి కావని మనవి.

కాంటా లాంటిదే కంపారేటర్

ఎలక్ట్రానిక్స్ చదవని మిత్రుల కోసం ముందుగా ఒక మాట. ఎనుమాముల మార్కెట్ కు పత్తి బస్తాలతోనో, మిరప బస్తాలతోనో నాన్న వెంట వెళ్ళినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. పాతకాలపు తక్కెడ గుర్తు చేసుకోండి. ఒక పక్క రాళ్ళు, ఒక పక్క సరుకు. ముల్లు ఎటు వాలితే అటు బరువు. ఎంత తేడా అన్నది తక్కెడ చెప్పదు. ఏది ఎక్కువ అన్నది మాత్రమే చెబుతుంది. కంపారేటర్ చేసే పని సరిగ్గా అదే. దానికి రెండు ఇన్‌పుట్లు ఉంటాయి. రెండు వోల్టేజీలలో ఏది ఎక్కువో చూసి "అవును" లేదా "కాదు" అని ఒకే ఒక్క మాట చెబుతుంది. సెల్‌ఫోన్ ఛార్జరు, ఇన్వర్టరు, స్టెబిలైజరు, ఎమర్జెన్సీ లైటు... ఎక్కడ చూసినా లోపల ఎక్కడో ఒక కంపారేటర్ "చాలు, ఆపు" అనో "ఇంకా కావాలి" అనో చెబుతూ ఉంటుంది.

తక్కెడలో ఇంకో సంగతి కూడా గమనించే ఉంటారు. ఒక పక్క అయిదు కిలోలు, ఇంకో పక్క కిలో ఉంటే ముల్లు టక్కున వాలుతుంది. రెండూ దాదాపు సమానంగా ఉంటే మాత్రం అటూ ఇటూ ఊగి, ఊగి, చాలాసేపటికి గాని నిలబడదు. కంపారేటర్ కూడా అంతే. తేడా ఎక్కువగా ఉంటే తొందరగా జవాబు చెబుతుంది, తేడా తక్కువైతే ఆలోచిస్తుంది. బజారులో పది ఇరవై రూపాయలకు దొరికే ఎల్.ఎం.393 అనే చిప్పు వివరాల పత్రంలో ఒకే చిప్పుకు రెండు కాలాలు రాసి ఉంటాయి. పెద్ద సిగ్నలు ఇస్తే సుమారు 300 నానో సెకన్లు. హద్దు దాటి 5 మిల్లీ వోల్టులు మాత్రమే ఎక్కువ ఇస్తే సుమారు 1.3 మైక్రో సెకన్లు. అంటే నాలుగు రెట్లకు పైగా తేడా! ఒకే చిప్పు, రెండు నిజాలు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

మూడు ఎడ్లు, ఒకే బండి

కంపారేటర్ తయారుచేసేవాడు మూడింటిని చూసుకోవాలి. ఒకటి వేగం, రెండు కరెంటు ఖర్చు, మూడు వెసులుబాటు. వెసులుబాటు అంటే ఒకే చిప్పు ఎన్ని రకాల పనులకు, ఎన్ని రకాల వోల్టేజీలకు, ఎన్ని రకాల లోడ్లకు సర్దుకుపోగలదు అన్నది. మూడూ కావాలి. కాని మూడు ఎడ్లను ఒకే బండికి కట్టి మూడు దిక్కులకు తోలినట్టు, ఒకదాన్ని గట్టిగా లాగితే మిగతావి వెనక్కి లాగుతాయి.

ఎందుకో చూద్దాం. చిప్పు లోపల ప్రతి తీగ దగ్గరా కొంత కెపాసిటెన్సు ఉంటుంది. అవుట్‌పుట్ మారాలంటే దాన్ని నింపాలి. కుండ నింపడానికి నల్లా ఎంత తిప్పితే అంత తొందరగా నిండినట్టు, ఎక్కువ కరెంటు పంపితే తొందరగా నిండుతుంది. ఒక పికో ఫారడు కెపాసిటెన్సును ఒక వోల్టు పైకి లేపడానికి ఒక మైక్రో ఆంపియరు పంపితే ఒక మైక్రో సెకను పడుతుంది. అదే ఒక మిల్లీ ఆంపియరు పంపితే ఒక నానో సెకను చాలు. వేగం వెయ్యి రెట్లు పెరిగింది, కరెంటు కూడా వెయ్యి రెట్లు పెరిగింది. ఉచితంగా వచ్చింది ఏమీ లేదు.

ఇక వెసులుబాటు సంగతి. ఎల్.ఎం.393 అవుట్‌పుట్ ను కిందికి లాగడం మాత్రమే దానికి తెలుసు. పైకి లాగడానికి బయట మనం ఒక రెసిస్టరు పెట్టాలి. ఇది లోపంలా కనిపిస్తుంది గాని, నిజానికి పెద్ద సౌకర్యం. చిప్పు 12 వోల్టుల మీద నడుస్తున్నా, ఆ రెసిస్టరును 5 వోల్టులకు కలిపితే మైక్రోకంట్రోలరుకు 5 వోల్టుల సిగ్నలే వెళుతుంది. రెండు మూడు కంపారేటర్ల అవుట్‌పుట్లు ఒకే తీగకు కలిపితే, ఎవరు "ఆపు" అన్నా మోటారు ఆగుతుంది. కాని ఈ సౌకర్యానికి ధర ఉంది. రెసిస్టరు 10 కిలో ఓములైతే, అవుట్‌పుట్ కింద ఉన్నంతసేపు 5 వోల్టుల దగ్గర అర మిల్లీ ఆంపియరు ఊరికే పోతుంది. పొదుపు చేద్దామని 100 కిలో ఓములు పెడితే ఖర్చు పదోవంతుకు తగ్గుతుంది. కాని 50 పికో ఫారడ్ల తీగను పైకి లేపే కాలం అర మైక్రో సెకను నుంచి అయిదు మైక్రో సెకన్లకు పెరుగుతుంది. పైకీ కిందికీ రెండువైపులా తానే తోసే అవుట్‌పుట్ ఉన్న చిప్పులు కూడా ఉన్నాయి. వాటికి ఈ బాధ లేదు. కాని వాటి అవుట్‌పుట్లను ఒకే తీగకు కలిపితే ఒకటి పైకి, ఒకటి కిందికి లాగి కొట్లాడుకుంటాయి. చూశారా? ఒక చిన్న రెసిస్టరు దగ్గరే మూడు ఎడ్లూ కనిపించాయి.

నీళ్ళ ట్యాంకు దగ్గర మా గర్వభంగం

ఇక అసలు కథ. మన హాస్టల్ మీద ఉన్న ట్యాంకు సంగతి అందరికీ తెలిసిందే. తెల్లవారుజామున మోటారు వేయడం, మర్చిపోతే గోడ వెంట నీళ్ళు కారిపోవడం, ఇంకో రోజు నీళ్ళు లేక పరీక్షకు స్నానం చేయకుండానే పరుగెత్తడం. ట్యాంకు నిండగానే మోటారు తనంతట తానే ఆగేలా ఒక పరికరం తయారుచేస్తామని బి.టెక్. ఆఖరి సంవత్సరంలో మేము వార్డెన్ సార్ కు మాటిచ్చాం. సార్ సంతోషించి సామాన్లకు డబ్బులు కూడా సర్దారు.

అప్పటికి మా తలల నిండా వేగమే. సెమినార్లలో విన్నది వేగం, పత్రాలలో చదివింది వేగం. పది నానో సెకన్లలోపు జవాబు చెప్పే కంపారేటర్ ను తెప్పించి బ్రెడ్‌బోర్డు మీద పెట్టాం. ట్యాంకులో రెండు స్టీలు కడ్డీలు వేలాడదీశాం. మొదటి రోజే రిలే టకటకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. పైపు నుంచి నీళ్ళు పడుతుంటే ట్యాంకులో అలలు లేస్తాయి. కడ్డీ ఒకసారి తడుస్తుంది, ఒకసారి ఆరుతుంది. మా మహావేగం కంపారేటర్ ప్రతి అలనూ నిజమని నమ్మింది. పైగా అంత వేగమైన చిప్పును బ్రెడ్‌బోర్డు మీద పొడవాటి తీగలతో కలిపితే, హద్దు దగ్గరికి వచ్చేసరికి తన అవుట్‌పుట్ శబ్దాన్ని తానే విని వణికిపోతుంది. మూడో రోజు కాంటాక్టరు మాడిన వాసన వచ్చింది. రెండు రోజులు హాస్టల్ మొత్తం బకెట్లతో నీళ్ళు మోసింది. మా నలుగురి మీద వచ్చిన జోకులు ఇక్కడ రాయలేం.

ఆ సాయంత్రం వాచ్‌మన్ తాత మా పక్కన కూర్చుని ఒక మాట అన్నాడు. "ట్యాంకు నిండెతందుకు పావుగంట పడ్తది గద బిడ్డా! మీ డబ్బ అంత తొందరపడి ఎవలికి చెప్తది?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. పావుగంటలో జరిగే పనికి పది నానో సెకన్ల జవాబు ఎందుకు? ఎవరు అడిగారు?

తర్వాత ఎల్.ఎం.393 తెచ్చాం. నిజం చెప్పాలంటే చిప్పు మార్చగానే అంతా సర్దుకోలేదు. అలలకు అది కూడా మోసపోయింది. అప్పుడు గాని పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మర్చిపోయిన "హిస్టరిసిస్" గుర్తుకు రాలేదు. అంటే ఒకే హద్దు కాకుండా రెండు హద్దులు పెట్టడం. అవుట్‌పుట్ నుంచి 100 కిలో ఓముల రెసిస్టరుతో కొంత భాగాన్ని ప్లస్ ఇన్‌పుట్ కు తిప్పి పంపి, సిగ్నలు వచ్చే దారిలో 10 కిలో ఓములు పెడితే, 5 వోల్టుల సరఫరా మీద 2.5 వోల్టుల హద్దు కాస్తా పైకి వెళ్ళేటప్పుడు సుమారు 2.75, కిందికి వచ్చేటప్పుడు సుమారు 2.25 అవుతుంది. ఒకసారి "నిండింది" అన్నాక, అర వోల్టు కిందికి దిగితే గాని మాట మార్చదు. దానికి తోడు అలల కుదుపు పోవడానికి ఒక సెకను ఆలస్యం కావాలనే కలిపాం. కడ్డీలలో ఎప్పుడూ డి.సి. కరెంటు పారితే అవి తినేసుకుపోతాయని కూడా అప్పుడే తెలిసింది. అందుకని కొన్ని సెకన్లకు ఒకసారి మాత్రమే కరెంటు ఇచ్చి చూసేలా మార్చాం. మేము నానో సెకన్ల కోసం డబ్బు పోసి, చివరికి ఆలస్యాన్ని చేతులారా కొని తెచ్చుకున్నాం. ఆ పెట్టె ఇప్పటికీ పని చేస్తోంది.

కరెంటు పొదుపు గురించి కూడా అక్కడే ఒక పాఠం. మేము కంపారేటర్ ఎంత కరెంటు తింటుందో లెక్కలు వేస్తూ కూర్చున్నాం. ఎల్.ఎం.393 తినేది సుమారు 0.4 మిల్లీ ఆంపియర్లు. 5 వోల్టుల దగ్గర రెండు మిల్లీ వాట్లు. సంవత్సరం పొడుగునా నడిచినా 17, 18 వాట్ అవర్లు. అదే పెట్టెలో ఉన్న రిలే కాయిలు 12 వోల్టుల దగ్గర 30 మిల్లీ ఆంపియర్లు తింటుంది. ఇక ఒక హెచ్.పి. మోటారు సుమారు కిలోవాటు లాగుతుందనుకుంటే, మర్చిపోయి పావుగంట ఎక్కువ నడిపితే పావు యూనిట్, అంటే 250 వాట్ అవర్లు. మా కంపారేటర్ 14 ఏళ్ళు నడిచే కరెంటు ఆ ఒక్క పావుగంటలో గోడ వెంట కారిపోతుంది! పొదుపు ఎక్కడ చేయాలో చూడకుండా చేసే పొదుపు పొదుపు కాదు.

ఎక్కడ వేగం కావాలి, ఎక్కడ అక్కర్లేదు

అయితే వేగం ఎప్పుడూ వృథాయే అని మేము అనడం లేదు. అలా అంటే అది ఇంకో మూర్ఖత్వం. ఇన్వర్టరులో ఐ.జి.బి.టి. అనే స్విచ్చులుంటాయి. షార్ట్ సర్క్యూట్ అయితే అలాంటివి చాలావరకు పది మైక్రో సెకన్లు మాత్రమే తట్టుకుంటాయి. అంతలోపు కంపారేటర్ చూసి ఆపాలి. మైక్రో సెకనులో చెప్పేది దాన్ని కాపాడుతుంది; పాతిక మైక్రో సెకన్లు తీసుకునేది బూడిదయ్యాక చెబుతుంది. అక్కడ ఆలస్యం నిజంగా విషమే.

కాయిన్ బ్యాటరీ మీద నడిచే చిన్న పరికరం తీసుకోండి. 225 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద 0.4 మిల్లీ ఆంపియర్ల చిప్పు పెడితే 23 రోజులకు బ్యాటరీ అయిపోతుంది. ఒక మైక్రో ఆంపియరు చిప్పు పెడితే లెక్క ప్రకారం పాతికేళ్ళు. అంతకంటే ముందే బ్యాటరీ తనంతట తాను ముసలిదవుతుంది. అక్కడ పొదుపే రాజు. వేగం తగ్గినా ఫరవాలేదు.

ఇక పొలం మోటారు. మనలో చాలామంది నాన్నలు ఒకప్పుడు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు రాత్రనక పగలనక బావి దగ్గరికి పరుగెత్తినవాళ్ళే. అందుకే ఊళ్ళల్లో ఆటోస్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే మోటారు తనంతట తానే మొదలవుతుంది. కాని ఊళ్ళో మోటార్లన్నీ ఒకే క్షణంలో మొదలైతే? మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ కలిసి లాగితే ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎవరి స్టార్టరు ఎంత వేగంగా ఉంటే ఊరికి అంత నష్టం! ఒక్కొక్క స్టార్టరుకు ఒక్కొక్క ఆలస్యం పెట్టుకునే వెసులుబాటు ఉంటే ఆ బాధ చాలావరకు తగ్గేది. వోల్టేజీ తగ్గితే ఆపే కంపారేటర్ కు కూడా అంతే. మోటారు మొదలవగానే వోల్టేజీ ఒక్క క్షణం పడిపోతుంది. ఆ క్షణాన్నే నిజమని నమ్మితే మోటారు ఎప్పటికీ మొదలే కాదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చాక, మోటార్లు ఆగకుండా పోసి భూగర్భ జలాలు అడుగంటిపోతాయని ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. నిన్న వరం అనుకున్న పరికరం, పరిస్థితి మారగానే భారమయింది. పరికరం మంచిదా చెడ్డదా అన్నది పరికరంలో లేదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితిలో ఉంది.

పెద్దవాళ్ళు కూడా వేగాన్ని వదులుకున్నారు

ఇది మా హాస్టల్ పిల్లల సమాధానమే కాదు, చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1960లలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో బాబ్ విడ్లర్ అనే మేధావి మైక్రో ఎ.710 అనే కంపారేటర్ చిప్పు తయారుచేశాడు. 40 నానో సెకన్లలో జవాబు చెప్పేది. కాని దానికి ప్లస్ 12, మైనస్ 6 వోల్టుల రెండు సరఫరాలు కావాలి. ఆ తర్వాత విడ్లర్ నేషనల్ సెమీకండక్టర్ కు వెళ్ళాడు. అక్కడి నుంచి వచ్చిన ఎల్.ఎం.111 కు 200 నానో సెకన్లు పడుతుంది. అంటే అయిదు రెట్లు నెమ్మది! కాని అది ఒకే 5 వోల్టుల సరఫరా మీద నడుస్తుంది, ప్లస్ మైనస్ 15 మీదా నడుస్తుంది, 50 వోల్టుల లోడును నేరుగా లాగుతుంది, ఇన్‌పుట్ దగ్గర చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది, ఊరికే వణికే గుణం కూడా తక్కువ. దాని కుటుంబానికే చెందిన ఎల్.ఎం.311 ను మనం ఇప్పటికీ ల్యాబుల్లో వాడుతున్నాం. అయిదు రెట్ల వేగం వదులుకుని వెసులుబాటు కొనుక్కున్న చిప్పు అర్ధశతాబ్దం దాటి బతికింది.

వేగం కావాలన్నా దారులు వేరువేరు. ఎనిమిది బిట్ల ఫ్లాష్ ఎ.డి.సి.లో 255 కంపారేటర్లు ఒకేసారి చూసి ఒక్క దెబ్బకు జవాబు చెబుతాయి. ఎస్.ఎ.ఆర్. పద్ధతిలో ఒకే ఒక్క కంపారేటర్ ఎనిమిది సార్లు అడిగి అదే జవాబు చెబుతుంది. 255 మంది కూలీలతో ఒక గంటలో చేయించాలా, ఒక మనిషితో ఎనిమిది గంటల్లో చేయించాలా అన్నది పని చూసి తేల్చుకోవాలి. ఎం.ఎస్.పి.430 మైక్రోకంట్రోలర్లలో కొన్నింటిలో కంపారేటర్ కు మూడు పద్ధతులు ఇచ్చారు - వేగంగా, మామూలుగా, అతి తక్కువ కరెంటుతో. ఎప్పుడు ఏది కావాలో ప్రోగ్రాములో మనమే మార్చుకోవచ్చు. ఆ చిప్పు చేసినవాళ్ళు కూడా "ఇదే గొప్ప" అని చెప్పలేదు, "నీ పని చూసుకుని నువ్వే ఎంచుకో" అన్నారు.

మన దేశంలోనే చూడండి. 2025 సెప్టెంబరులో ప్రధానికి అందజేసిన విక్రమ్ 3201 ప్రాసెసరు మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో 180 నానో మీటర్ల పద్ధతిలో తయారయింది. ప్రపంచం మూడు నానో మీటర్ల గురించి మాట్లాడుతున్న రోజుల్లో 180 ఏమిటని నవ్వేవాళ్ళు ఉంటారు. కాని అది రాకెట్ కోసం చేసినది. రాకెట్ లో కావలసింది కఠిన పరిస్థితులను తట్టుకుని నమ్మకంగా పని చేయడం.

కొన్న ప్రాజెక్టులో మన సంతకం ఏది?

ఇక మా అసలు బాధ. ప్రతి సంవత్సరం డిసెంబరు, జనవరి రాగానే ఫైనలియర్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ప్రాజెక్టు సెంటర్ల చుట్టూ తిరుగుతారు. అక్కడ టైటిల్స్ జాబితా ఉంటుంది. "హై స్పీడ్ లో పవర్ కంపారేటర్" అన్నది ఆ జాబితాలో ఎప్పుడూ ఉంటుంది. స్కాలర్‌షిప్ డబ్బులో, అమ్మ కూలి డబ్బులో కట్టి సీడీ, రిపోర్టు తెచ్చుకుంటారు. తప్పు వాళ్ళది మాత్రమే అనం. మాలో ఒకడు కూడా మినీ ప్రాజెక్టు అలాగే కొన్నాడు. వైవాలో "ఈ డిలే ఎంత ఓవర్‌డ్రైవ్ దగ్గర?" అని అడిగితే తెల్లమొహం వేశాడు. పైన ఒకే చిప్పుకు రెండు కాలాలు ఉన్నాయని చెప్పాం కదా? ఆ సంగతి తెలియకపోవడం వల్లనే ఆ తెల్లమొహం. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు వాడు.

అందుకే మా అభిప్రాయం కచ్చితంగా చెబుతున్నాం. "హై స్పీడ్, లో పవర్" అని టైటిల్ చూడగానే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎంత సరఫరా వోల్టేజీ మీద? ఎంత ఓవర్‌డ్రైవ్ దగ్గర? అవుట్‌పుట్ మీద ఎంత లోడు పెట్టి? ఏ పని కోసం? నాలుగో ప్రశ్నకు జవాబు లేని ప్రాజెక్టు, మొదటి మూడింటికి జవాబున్నా ఉత్త కాగితమే.

దీనికి ఎదురు వాదన ఉంది. "అన్నా, ఇంటర్వ్యూలో నీళ్ళ ట్యాంకు గురించి చెబితే నవ్వుతారు. పెద్ద టైటిల్ ఉంటేనే రెజ్యూమె చూస్తారు" అంటారు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. మనకు సిఫారసు చేసేవాళ్ళు లేరు, ఇంగ్లీషు భయం ఉంది, రెజ్యూమెలో పెద్దమాట ఒక్కటే ఆసరా అనిపిస్తుంది. కాని ఎం.టెక్. ఇంటర్వ్యూలో మమ్మల్ని అడిగింది ఆ ట్యాంకు గురించే. కాంటాక్టరు ఎందుకు మాడిందో బోర్డు మీద గీసి చెప్పాం. ఇంగ్లీషు తడబడింది గాని, చెయ్యి తడబడలేదు. మాడినది మన చేతిలోనే మాడింది కదా, దాన్ని ఎవరూ మన నుంచి లాక్కోలేరు.

ఇంకో సంగతి. తొందరగా సంపాదించమని ఇల్లు అడుగుతుంది. ఎంత ఖర్చు పెట్టగలమో మన జేబు చెబుతుంది. దారులు మూసుకోవద్దని మనసు చెబుతుంది. మా గదిలో నలుగురిలో ఒకడు బి.టెక్. అవగానే ఉద్యోగానికి వెళ్ళాడు. చెల్లెలి పెళ్ళి అప్పు ఉంది వాడికి. మేము ముగ్గురం గేట్ రాసి, నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ తో చదువుతున్నాం. అందులో సగం ఇంటికి పంపుతాం. వాడు తొందరపడ్డాడనీ, మేము తెలివైనవాళ్ళమనీ ఎవరైనా అంటే ఒప్పుకోం. వాడి పరిస్థితికి వాడి జవాబు సరైనది. కాకపోతే ఎవరి జవాబు వాళ్ళు వెతుక్కోవాలి, పక్కవాడి టైటిల్ కొనుక్కోకూడదు.

మా విన్నపం

దేశంలో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటిది 1959లో మన వరంగల్ కు వచ్చింది. అదే 2002లో ఎన్.ఐ.టి. అయింది. అంత చరిత్ర ఉన్న ఊళ్ళో మన హాస్టల్ పిల్లలు ప్రాజెక్టులు కొనుక్కోవడం మనకు గౌరవం కాదు. ఒకప్పుడు చిప్ డిజైన్ అంటే లక్షల రూపాయల సాఫ్ట్‌వేర్ కావాలన్నారు. ఈ రోజు ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఎన్.జి.స్పైస్ అనే సిమ్యులేటరు ఉచితం. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి 130 నానో మీటర్ల డిజైన్ వివరాలను అందరికీ ఉచితంగా ఇచ్చాయి. ఎన్.పి.టెల్. పాఠాలు ఉచితం. పాత కంప్యూటరు మీద కూడా ఒక కంపారేటర్ గీసి, కరెంటు పెంచితే వేగం ఎంత పెరుగుతుందో స్వయంగా చూడవచ్చు.

కాబట్టి మన హాస్టల్ నుంచి వెళ్ళి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు, అక్కలకు మా విన్నపం. ప్రతి వార్షికోత్సవానికి మీరు ఫ్యాన్లు, ప్లేట్లు, ట్రంకు పెట్టెలు ఇస్తున్నారు. కృతజ్ఞతలు. ఈసారి స్టడీ హాల్ పక్కన ఖాళీగా ఉన్న గదికి ఒక సోల్డరింగ్ ఐరన్, రెండు మల్టీమీటర్లు, నాలుగు బ్రెడ్‌బోర్డులు, మీ ఆఫీసుల్లో పక్కన పెట్టిన రెండు కంప్యూటర్లు, వీలైతే ఒక పాత ఆసిలోస్కోపు ఇవ్వండి. ఒక్క పిల్లవాడు కొన్న ప్రాజెక్టు ఖర్చుతో ఇందులో చాలావరకు వస్తాయి. ఆదివారాలు మేము కూర్చుని నేర్పుతాం. అది మా పూచీ.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. ప్రాజెక్టు కోసం వెతుక్కుంటూ ఎక్కడికో పోకండి. మెస్ లో గ్యాసు, వరండాలో లైట్లు, మీ ఊళ్ళో బోరు మోటారు, మీ నాన్న స్టార్టరు పెట్టె ముందు నిలబడి చూడండి. ఇక్కడ ఎంత వేగం కావాలి, ఎంత కరెంటు ఉంది, రేపు పరిస్థితి మారితే ఇది ఎలా మారాలి అని అడగండి. ఆ తర్వాతే చిప్పు పేరు వెతకండి. మేము ముందు చిప్పు తెచ్చాం, తర్వాత ప్రశ్న వెతికాం. అందుకే హాస్టల్ మొత్తం రెండు రోజులు నీళ్ళు మోసింది. ఆ మోసినవాళ్ళందరికీ ఈ సంచిక ద్వారా మరోసారి క్షమాపణలు చెప్పుకుంటున్నాం.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

ఎం.టెక్. రెండవ సంవత్సరం విద్యార్థి,
గది మిత్రుల తరపున, వరంగల్